సింహమా, గొర్రెపిల్లా? ముందు క్రీమ్ సంగతి తేల్చుకోండి

పార్టీకి జంతువుల కప్‌కేకులు చేద్దామనుకోగానే అందరూ ముందు చేసేది ఫోన్ తీసి ఫొటోలు చూడడం. ఏనుగు బాగుంది, జిరాఫీ ఇంకా బాగుంది, ఆ పాండా అయితే ఇక చెప్పక్కర్లేదు. ఓ నాలుగు సేవ్ చేసుకుని, వీటిని ఎలా చేయాలా అని అప్పుడు వెతుకుతారు. నేనూ అలాగే మొదలుపెట్టాను. చేయగా చేయగా తెలిసిందేమిటంటే ఆ వరస తలకిందులు. కేక్ మీద బటర్‌క్రీమ్ వేస్తామా, ఫాండెంట్ (పిండిముద్దలా ఒత్తి మలచుకునే పంచదార ముద్ద) వేస్తామా, ఉత్త బిస్కెట్లతో సరిపెడతామా అన్నది ముందు తేలాలి. దానికి ఏ జంతువు నప్పుతుందో తర్వాత చూసుకోవచ్చు. ఉన్ని, బొచ్చు, ఈకలు బటర్‌క్రీమ్‌కి వెన్నతో పెట్టిన విద్య. నున్నటి చర్మం, నిలబడే చెవి, వంపు తిరిగిన తొండం అడిగితే మాత్రం మొండికేస్తుంది. ఫాండెంట్ దీనికి పూర్తిగా రివర్స్.

ఈ జ్ఞానం నాకు ఊరికే రాలేదు. మా అక్క కొడుకు పుట్టినరోజుకి 24 ఏనుగులు చేస్తానని మాటిచ్చాను. ఫొటోలో ఉన్నది ఫాండెంట్ ఏనుగు. ఒక్కోదానికి రెండు చెవులు, చెవుల లోపల రెండు గులాబీ ముక్కలు, ఒక తొండం, రెండు కళ్లు, వెరసి ఏడు ముక్కలు. 24 కప్‌కేకులకి 168 ముక్కలవుతాయని రాత్రి రెండింటికి, వందో ముక్క దగ్గర కళ్లు మూతలు పడుతుంటే లెక్కేసుకున్నాను. అది చాలదన్నట్టు పాడైపోతాయేమోనని తయారైనవన్నీ ఫ్రిజ్‌లో పెట్టాను. పొద్దున బయటికి తీసిన పావుగంటకి ఏనుగులన్నీ అప్పుడే చెరువులోంచి లేచొచ్చినట్టు తడిసి ముద్దయ్యాయి. చెవులు వాలిపోయాయి, కళ్ల నలుపు బుగ్గల మీదకి కారింది. పిల్లలు వాటికి "ఏడుపు ఏనుగులు" అని పేరు పెట్టి హాయిగా తినేశారు. ఏడవలేక నవ్వింది నేనే.

అందుకే ఇప్పుడు ఎవరైనా సలహా అడిగితే ముందు నాలుగు విషయాలు కనుక్కుంటాను. ఎన్ని కావాలి? మీకు తీరిక దొరికేది వారం ముందా, ఆ రోజు పొద్దున్నేనా? కప్‌కేకులు బల్ల మీద ఎంతసేపు ఉంటాయి, అక్కడ ఎండా, నీడా, ఏసీనా? తినేది ఏ వయసు వాళ్లు? వీటికి జవాబులొస్తే సగం ఎంపిక దానంతట అదే అయిపోతుంది.

బటర్‌క్రీమ్: బొచ్చున్న జీవులన్నీ దీని సొంతం

మొదటిసారి చేసేవాళ్లకి నేను చెప్పేది బటర్‌క్రీమే. ముక్కు వంకరపోతే చిన్న కత్తితో గీకేసి మళ్లీ పెట్టుకోవచ్చు. ఇంత క్షమించే గుణం ఇంకే పూతకీ లేదు. తూకంలో వెన్న ఒక వంతు, ఐసింగ్ షుగర్ రెండు వంతులు. 12 కప్‌కేకులకి 250 గ్రాముల వెన్న, 500 గ్రాముల ఐసింగ్ షుగర్, రెండు చెంచాల పాలు తీసుకుంటే జూలు, ఉన్ని లాంటి మందపాటి పనికి కూడా సరిపోతుంది. పలచగా పూసి పైన ముక్కలు పేర్చే రకమైతే అందులో సగం చాలు. వెన్న 18 నుంచి 20 డిగ్రీల మధ్య ఉండాలి. వేలితో నొక్కితే గుంట పడాలి గానీ వేలు జారిపోకూడదు. థర్మామీటర్ లేకపోయినా ఈ పరీక్ష చాలు.

ఇదే బటర్‌క్రీమ్‌లో స్విస్ మెరింగ్ అని ఇంకో రకం ఉంది. తెల్లసొననీ పంచదారనీ వేడినీటి గిన్నె మీద కలుపుతూ 71 డిగ్రీల దాకా వేడిచేసి, నురగలా గిలక్కొట్టి, అందులో వెన్న కలుపుతారు. తీపి తక్కువ, నోట్లో పట్టులా జారుతుంది. పెద్దవాళ్ల పార్టీ అయితే నేనూ అదే చేస్తాను. జంతువుల పనికి మాత్రం మొదటి రకమే మేలు. దానికి గాలి తగిలితే పైన సన్నటి పొర కట్టి ఆరుతుంది కాబట్టి పిండిన వెంట్రుక పిండినట్టే నిలుస్తుంది. స్విస్ రకం ఆఖరి దాకా మెత్తగానే ఉంటుంది, రంగు కూడా అంత తేలిగ్గా పట్టదు.

బటర్‌క్రీమ్‌తో ఉన్న చిక్కల్లా వేడి. వెన్న కరిగేది 32 నుంచి 35 డిగ్రీల మధ్య, మెత్తబడడం అంతకు చాలా ముందే మొదలవుతుంది. మన అరచేయి కూడా ఇంచుమించు అంతే వేడిగా ఉంటుంది. పైపింగ్ బ్యాగ్ (క్రీమ్ పిండే సంచి) నిండా క్రీమ్ కూరి అరగంట గుప్పిట్లో పట్టుకుంటే ఎనిమిదో కప్‌కేక్ దగ్గర సింహం జూలు గంజిలా జారుతుంది. బ్యాగ్ సగమే నింపుకోవాలి. రెండు బ్యాగులు పెట్టుకుని ఒకటి పనిలో, ఇంకోటి చల్లటి చోట ఉంచి మార్చుకుంటూ పోతే ఇంకా నయం.

సింహం జూలు ఎలా వేస్తారో ఒక్క కప్‌కేక్ మీద దగ్గరగా చూద్దాం. బ్యాగ్ కొసకి తొడిగే నాజిల్‌లలో చిన్న చిన్న రంధ్రాలున్నది ఒకటి దొరుకుతుంది, 233 నంబర్. గడ్డికీ బొచ్చుకీ అదే వాడతారు. ముందు కప్‌కేక్ మధ్యలో పసుపు క్రీమ్‌ని రూపాయి బిళ్లకన్నా కాస్త పెద్దగా, చదునుగా పూయండి, అది ముఖం. తర్వాత గోధుమరంగు క్రీమ్ బ్యాగ్ తీసుకుని, అంచు దగ్గర నాజిల్ ఆనించి, పిండుతూ బయటికి ఒక సెంటీమీటరు లాగి, పిండడం ఆపి, అప్పుడు విదిలించాలి. ఆపకుండా విదిలిస్తే కొస సాగి తోకలా వేలాడుతుంది. బయటి వరస పూర్తయ్యాక దాని వేళ్లు కప్పేలా లోపలి వరస వేయాలి. లోపలి నుంచి మొదలుపెడితే బయటి వరస వేసేటప్పుడు చేయి తగిలి మొదటిది చెదిరిపోతుంది. చేయి తిరిగాక ఒక్కో సింహానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. మొదటి మూడు ఎలాగూ ఉడుతల్లాగే వస్తాయి, వాటిని వెనక వరసలో పెట్టేయండి.

గొర్రెకి ఇంత కష్టం కూడా లేదు. చిన్న నక్షత్రం నాజిల్‌తో పక్కపక్కన చుక్కలు పెట్టుకుంటూ పోతే ఉన్ని. కోడిపిల్లకి పసుపు బొచ్చు, నారింజ రంగు ముక్కు, అంతే. కుక్కపిల్ల, ఎలుగుబంటి, ముళ్లపంది, గుడ్లగూబ అన్నీ ఇక్కడే బాగా కుదురుతాయి.

విప్పింగ్ క్రీమ్ గురించి రెండు మాటల్లో ముగిస్తాను. రుచికి తేలిగ్గా ఉంటుంది, చాలామందికి ఇష్టం. పాల క్రీమ్ అయితే బయట ఎక్కువసేపు నిలవదు, బొచ్చు గీతలు గంటలో కలిసిపోతాయి. పాలు లేని రకం కాస్త గట్టిగా నిలబడుతుంది. రెంటిలో ఏది వాడినా పైన ఫాండెంట్ ముక్కలు మాత్రం పెట్టకండి, తడి తగిలి కరిగిపోతాయి. ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా ప్లేట్లలో పెట్టే చిన్న పార్టీకైతే ఇది పరవాలేదు.

ఫాండెంట్: వారం ముందే తీరిక ఉన్నవాళ్లకి

నా ఏనుగుల కథ విని ఫాండెంట్ చెడ్డదనుకునేరు. తప్పు దానిది కాదు, దాన్ని ముందురోజు రాత్రి మొదలుపెట్టడం తప్పు. నిజానికి టైమ్‌ని ముక్కలు ముక్కలుగా ఖర్చుపెట్టుకోవాలనుకునే వాళ్లకి ఫాండెంట్‌ని మించింది లేదు. సోమవారం చెవులు, మంగళవారం ముక్కులు, ఇలా రోజుకో అరగంట కూర్చుంటే వారాంతానికి అన్నీ ఆరి సిద్ధంగా ఉంటాయి. బటర్‌క్రీమ్‌లో ఈ సౌకర్యం లేదు, పిండే పనంతా ఆఖరి రోజుకే వస్తుంది.

నిలబడే చెవులు కావాలంటే మామూలు ఫాండెంట్ సరిపోదు. 250 గ్రాములకి ఒక టీస్పూన్ సీఎంసీ (ఫాండెంట్‌ని గట్టిపరిచే, తినదగ్గ పొడి) కలిపి పిసికితే ఒకటి రెండు రోజుల్లో గట్టిపడుతుంది. అది కలపకపోతే చెవి ఎంత ఆరినా కప్‌కేక్ తేమ తగలగానే వంగుతుంది. ఆరిన ముక్కలు అట్టపెట్టెలో ఉంచాలి. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో పెడితే లోపలి తేమకి మళ్లీ మెత్తబడతాయి. పని జరుగుతున్న ముద్దది మాత్రం రివర్స్ కథ, దాన్ని కవర్‌లో చుట్టి ఉంచకపోతే పది నిమిషాల్లో పైన పగుళ్లు. ముక్కని ముక్కకి అతికించడానికి తడి బ్రష్ తాకిస్తే చాలు. నీళ్లు ఎక్కువైతే జిగురు కాదు, పాకం తయారవుతుంది.

ఇక ఫ్రిజ్. ఫాండెంట్ అంటేనే పంచదార, పంచదార గాల్లోని తేమని లాగుతుంది. చల్లటి ఫాండెంట్ వెచ్చటి గదిలోకి రాగానే దాని మీద మంచు పట్టినట్టు నీరు చేరుతుంది. చెమట పట్టిన ముక్కల్ని తుడవకుండా, తాకకుండా ఫ్యాన్ గాలికి వదిలేస్తే చాలావరకు ఆరిపోతాయి. తుడిస్తే రంగంతా మీ వేలికే.

కప్‌కేక్ పైభాగమంతా ఫాండెంట్ బిళ్లతో కప్పాలనుకుంటే మూడు మిల్లీమీటర్ల మందంలో ఒత్తి, కేక్ పైభాగం కన్నా కాస్త పెద్ద కట్టర్‌తో కోయండి. ఆ బిళ్ల కింద పలచగా బటర్‌క్రీమ్ పూయాలి, లేకపోతే అతుక్కోదు. కేక్ కూడా పూర్తిగా చల్లారి ఉండాలి, అంటే పొయ్యి దిగాక కనీసం ఒక గంట. ఇది ఏ పూతకైనా వర్తిస్తుంది. గోరువెచ్చటి కేక్ మీద ఎంత బాగా పిండినా పది నిమిషాల్లో అంతా కింది కాగితంలోకి దిగిపోతుంది.

రుచి సంగతి కూడా చెప్పుకోవాలి. చాలామంది పిల్లలు ఫాండెంట్ ముఖాన్ని ఊడదీసి పక్కన పెట్టి కింది కేక్ తింటారు. మనం గంటలకొద్దీ చెక్కిన తొండం ప్లేట్ అంచున మిగిలిపోతే మనసు చివుక్కుమంటుంది. అందుకే నేను ముఖమంతా ఫాండెంట్ చేయడం మానేశాను. చెవులు, కొమ్ములు, ముక్కుల వరకే ఫాండెంట్, మిగతాదంతా బటర్‌క్రీమ్. ఈ కలగలుపు పద్ధతి అందం, రుచి రెండూ నిలబెడుతుంది.

ఫాండెంట్ తీపి గిట్టనివాళ్లకి మోడలింగ్ చాక్లెట్ ఉంది. 200 గ్రాముల డార్క్ చాక్లెట్ కరిగించి అందులో 70 గ్రాముల గ్లూకోజ్ సిరప్ కలిపి, చుట్టి రాత్రంతా వదిలేస్తే బంకమన్నులా మలచదగ్గ ముద్ద తయారవుతుంది. వైట్ చాక్లెట్‌కైతే సిరప్ ఇంకాస్త తగ్గించాలి. రుచిలో ఫాండెంట్ దీని ముందు దిగదుడుపే. కాకపోతే వేడి చేతులవాళ్లకి ఇది నరకం. నా చేతులు అలాంటివే. ఒక ముక్కు చేసి, చేతులు చల్లటి నీళ్లలో ముంచి, తుడుచుకుని, ఇంకో ముక్కు. 24 ముక్కులకి 24 స్నానాలు.

ఏమీ పిండకుండా, ఏమీ మలచకుండా

గంటన్నరలో 30 కప్‌కేకులు కావాలా? బిస్కెట్లు, చాక్లెట్ బటన్లు, మార్ష్‌మాలోలు తెచ్చుకోండి. దీన్ని కొందరు చిన్నచూపు చూస్తారు గానీ, ఇది తెలివైనవాళ్ల పద్ధతి. క్రీమ్ పలచగా పూసి, పైన తినే వస్తువుల్ని పేర్చడమే పని.

చాక్లెట్ బటన్లు రెండు పైన గుచ్చితే ఎలుగుబంటి చెవులు. క్రీమ్ బిస్కెట్‌ని రెండుగా విడదీస్తే క్రీమ్ అంటుకున్న సగం గుడ్లగూబ కన్ను, మధ్యలో ఒక చాక్లెట్ చుక్క పెడితే అది మిమ్మల్నే చూస్తుంది. బాదం పలుకులు నిలువుగా గుచ్చితే ముళ్లపంది. కొబ్బరి కోరులో దొర్లిస్తే ధ్రువపు ఎలుగుబంటి. అన్నిటికన్నా నాకు నచ్చింది మార్ష్‌మాలో పిల్లి చెవి. కత్తెరతో మార్ష్‌మాలోని ఏటవాలుగా కోస్తే కోసిన ముఖం జిగటగా ఉంటుంది. ఆ జిగట ఆరకముందే గులాబీ రంగు పంచదారలో అద్దితే ఆ వైపు మాత్రమే రంగు పడుతుంది. బయట తెలుపు, లోపల గులాబీ. ఫాండెంట్‌తో రెండు రంగులు, రెండు కట్టర్లు, బ్రష్షూ కావలసిన చెవి కత్తెరతో పది సెకన్లలో అయిపోయింది. అదే కుందేలుకి కావాలంటే ఇంకాస్త పొడవుగా కోయండి.

ఇందులో ఒక జాగ్రత్త ఉంది. బిస్కెట్ క్రీమ్ తేమకి మెత్తబడుతుంది. ముందురోజు రాత్రి గుచ్చిన బిస్కెట్ చెవి పొద్దున్నకి విరిగి పడొచ్చు. క్రీమ్ ముందురోజు పూసుకున్నా, చెవులు, కళ్లు పార్టీకి రెండు గంటల ముందే పెట్టుకోండి. రెడీమేడ్ చక్కెర కళ్లు కూడా అంతే, తడి క్రీమ్ మీద రాత్రంతా ఉంటే నలుపు తెల్లభాగంలోకి పాకుతుంది.

పిల్లలతోనే అలంకరింపజేసే పార్టీ అయితే ఇంకో ఆలోచన పెట్టుకోకండి, ఇదే. క్రీమ్ పూసిన కప్‌కేక్, ఒక గిన్నెలో చెవులు, ఒక గిన్నెలో కళ్లు ఇచ్చి వదిలేయండి. మూడు కళ్ల కప్ప, ఆరు చెవుల కుందేలు పుడతాయి. అదీ సరదాయే కదా.

ఇక ముద్రించిన బొమ్మలు. తినదగ్గ కాగితం మీద జంతువు బొమ్మ వేసి అమ్ముతారు. అందులో పిండితో చేసిన వేఫర్ కాగితం తడి క్రీమ్ మీద ముడుచుకుపోతుంది, దాన్ని ఆఖరి నిమిషంలోనే పెట్టాలి. ఐసింగ్ షీట్ అనే రకం క్రీమ్‌తో కలిసిపోయి చదునుగా కూర్చుంటుంది, ధర ఎక్కువైనా అదే మేలు. పుల్ల మీద నిలబడే మామూలు కాగితం బొమ్మలైతే టెన్షనే లేదు, అయితే మన చేతిపని కనపడదు. వంద కప్‌కేకులు చేయాల్సొస్తే నేనైనా ఇదే చేస్తాను, సిగ్గుపడను.

రంగులు: ఇక్కడే చాలామంది బోల్తాపడేది

నీళ్లలాంటి లిక్విడ్ రంగుతో లేత పసుపు, లేత గులాబీ వస్తాయి. ముదురు రంగు కోసం పోస్తూ పోతే క్రీమ్ విరిగి పలచబడుతుంది. జంతువుల పనికి జెల్ రంగులే తీసుకోండి, టూత్‌పిక్ కొసతో తీసుకున్నంత చాలు. చాక్లెట్‌కి మాత్రం జెల్ కూడా పనికిరాదు. కరిగిన చాక్లెట్‌లో చుక్క నీరు పడినా గడ్డకట్టి ముద్దయిపోతుంది, దానికి నూనెతో చేసిన రంగులు వేరే ఉంటాయి.

నలుపు, ఎరుపు ఈ రెండూ మొండి రంగులు. తెల్ల బటర్‌క్రీమ్‌ని నల్లగా చేయాలంటే సీసా సగం ఖాళీ అవుతుంది, చేదొస్తుంది, తిన్నవాళ్ల పళ్లు, పెదాలు నల్లబడతాయి. కోకో పొడి కలిపి ముందు చాక్లెట్ క్రీమ్ చేసుకుని, దానికి కొంచెం నల్ల జెల్ వేసి, మూతపెట్టి రాత్రంతా ఉంచండి. సాయంత్రం బూడిదరంగులో ఉన్నది తెల్లారేసరికి చిక్కబడుతుంది. పాండా చేసేవాళ్లు నలుపు క్రీమ్ అసలు కలపకుండా చాక్లెట్ బిస్కెట్ చెవులు, చాక్లెట్ చుక్కల కళ్లతో కానిచ్చేయొచ్చు. లేడీబగ్‌కీ ఎరుపు వంటి మీద నలుపు చుక్కలు కావాలి, అంటే రెండు మొండి రంగులూ ఒకే కప్‌కేక్ మీద. మొదటిసారే దాని జోలికి వెళ్లకండి. గులాబీ, ఊదా రంగులు ఎండ తగిలితే వెలిసిపోతాయి, కిటికీ పక్కన పెట్టిన పందిపిల్ల సాయంత్రానికి పాలిపోయి కనిపిస్తే కంగారుపడకండి.

ఏ జంతువు తేలిక, ఏది కష్టం

గుండ్రటి ముఖమున్న జంతువే కప్‌కేక్‌కి చుట్టం. పంది, ఎలుగుబంటి, పాండా, పిల్లి, కోడిపిల్ల, కప్ప, గుడ్లగూబ, సింహం, అన్నిటికీ ముఖం కేక్ ఆకారంలోనే ఉంది. జిరాఫీ, గుర్రం, మొసలి ముఖాలు పొడవు. వాటిని గుండ్రంగా చేస్తే ఏదో తెలియని జీవి అవుతుంది. జిరాఫీ తప్పదంటే ముఖం వదిలేసి మచ్చలు మాత్రం వేయండి. పసుపు మీద గోధుమరంగు మచ్చలు చూడగానే ఎవరైనా జిరాఫీ అనే అంటారు. చారలూ అంతే, జీబ్రాకి, పులికి ముఖం అక్కర్లేదు. అడవి థీమ్ పార్టీలో సగం కప్‌కేకులు ముఖాలు, సగం ఒట్టి చర్మాలు పెడితే పని సగమవుతుంది, బల్ల కూడా గజిబిజిగా ఉండదు.

ముఖం వేసేటప్పుడు ముద్దొచ్చేదీ భయపెట్టేదీ కళ్లు ఎక్కడున్నాయన్న దాన్ని బట్టే ఉంటుంది. ఆస్ట్రియా శాస్త్రవేత్త కొన్‌రాడ్ లోరెంజ్ 1943లో రాసిన విషయం ఒకటుంది. పెద్ద నుదురు, ముఖంలో కిందకి ఉన్న పెద్ద కళ్లు, చిన్న ముక్కు చూస్తే మనకి పసిపిల్లల్ని చూసినట్టే మురిపెం కలుగుతుందని. దాన్ని కప్‌కేక్ మీదకి తెచ్చుకోండి. కళ్లు సగానికి కిందగా, రెంటి మధ్యా ఎడంగా, ముక్కు వాటి మధ్యలోనే ఇంచుమించు అదే ఎత్తులో చిన్నగా పెడితే ఎలుగుబంటి పిల్ల. అవే కళ్లు పైకి జరిపి దగ్గరగా పెడితే, అదే ఎలుగుబంటి మనల్ని అనుమానంగా చూసే పెద్ద మనిషి. నేను ముందు టూత్‌పిక్‌తో రెండు చుక్కలు గుచ్చి, నచ్చాకే కళ్లు పెడతాను. 24 ముఖాలు ఒకే వరసలో ఉంటే కళ్ల ఎత్తు తేడాలు బాగా కనపడతాయి, అందుకే ముందు అన్నిటికీ చుక్కలు గుచ్చుకోవడం మంచిది.

తినేవాళ్లని చూసుకుని

నాలుగేళ్ల లోపు పిల్లలుంటే మార్ష్‌మాలోలు, గట్టి చాక్లెట్ గుండ్లు, పూర్తి గింజలు వద్దు. గొంతుకి అడ్డుపడే వాటిలో ఇవి ముందుంటాయి. వాళ్ల కోసం నాలుగైదు కప్‌కేకులు పూర్తిగా క్రీమ్‌తోనే చేసి విడిగా పెట్టండి, కోడిపిల్ల చాలు. ఫాండెంట్ చెవి నిలబడ్డం లేదని లోపల టూత్‌పిక్ గుచ్చే అలవాటు కొందరికుంది. పిల్లల కప్‌కేక్‌లో అది ఎప్పటికీ వద్దు. సన్నటి పచ్చి స్పఘెట్టీ పుల్ల గుచ్చేవాళ్లూ ఉన్నారు, అదీ నోట్లో గుచ్చుకునేదే, నేను చేయను. గట్టి చెవి కావాలంటే సీఎంసీ, అదీ లేకపోతే చాక్లెట్ బటన్.

ముళ్లపంది బాదంతో చేస్తున్నట్టయితే గింజల ఎలర్జీ ఉన్నవాళ్లు ఎవరైనా వస్తున్నారేమో ముందే అడగండి. చాక్లెట్ తురుముతోనూ ముళ్లు వస్తాయి. మార్ష్‌మాలోల్లో చాలావాటికి జెలటిన్ ఉంటుంది, అది జంతువుల నుంచి తీసేది కాబట్టి శాకాహారులకి ప్యాకెట్ చదివి కొనండి. కళ్లు, మీసాలు గీయడానికి రాయల్ ఐసింగ్ (తెల్లసొన, ఐసింగ్ షుగర్ కలిపి చేసే, ఆరితే గట్టిపడే పూత) చేస్తే పచ్చి తెల్లసొన బదులు మెరింగ్ పొడి, అంటే ఎండబెట్టిన తెల్లసొనతో చేసిన పొడి వాడండి. ఆ గీతలు బటర్‌క్రీమ్ మీద ఎక్కువసేపు ఉంటే కొవ్వు పీల్చుకుని మెత్తబడతాయి, అందుకే ఆఖర్న పెట్టాలి.

క్రీమ్ చీజ్, పాల క్రీమ్ వాడితే రెండు గంటలు దాటి బయట ఉంచకూడదు. 32 డిగ్రీలు దాటిన ఎండలో అయితే గంటే. ఆరుబయట పార్టీ, మధ్యాహ్నం పూట, కేక్ కోసేది ఎప్పుడో తెలియదు అంటే నేను ముద్రించిన బొమ్మో, ఫాండెంట్ బిళ్లో పెట్టమంటాను. అక్కడ బొచ్చు జంతువుల జోలికి వెళ్లొద్దు. పార్టీ లోపలే, ఏసీలో, వచ్చిన గంటలో తినేస్తారంటే బటర్‌క్రీమ్‌కి ఎదురులేదు. దూరం మోసుకెళ్లాలంటే నిలువు చెవులు విడిగా డబ్బాలో తీసుకెళ్లి అక్కడే గుచ్చండి. కారు గుంతలో పడిందంటే ముందు ఊడేది కుందేలు చెవే.

మొదటిసారి, 12 కప్‌కేకులు, ఒక్క సాయంత్రం మాత్రమే ఉందా? ఒకే బటర్‌క్రీమ్, ఒకే రంగు, బిస్కెట్ చెవులతో ఎలుగుబంటి చేయండి. అన్నీ ఒకటే జంతువు కావాలి, నాలుగు రకాలు పెట్టుకోకండి. రంగు మారితే బ్యాగ్ మారాలి, నాజిల్ కడగాలి, అసలు టైమ్ తినేది అదే. వారం ముందు నుంచీ తీరిక ఉండి, చేతిపని మీద ఇష్టముంటే ఫాండెంట్ చెవులు, కొమ్ములు చేసుకుని క్రీమ్ మీద గుచ్చండి. రెండోసారి చేస్తున్నారు, చేయి కాస్త తిరిగిందంటే సింహం జూలు.

ఏది ఎంచుకున్నా వారం ముందు ఒక్కటంటే ఒక్కటి చేసి చూడండి. దాన్ని చేయి చాచినంత దూరంలో పట్టుకుని, ఇదేమిటో చెప్పకుండా ఇంట్లో చిన్నపిల్లలెవరికైనా చూపించండి. పెద్దవాళ్లు మొహమాటానికి సరిగ్గానే చెబుతారు, పిల్లలు చెప్పరు. తప్పు చెబితే ముఖం మార్చక్కర్లేదు, ముందు చెవుల చోటు మార్చి చూడండి. నేను చేసిన నమూనా ఎలుగుబంటిని మా అక్క కొడుకు కుక్క అన్నాడు. చెవులు పైకి జరిపాను, అప్పుడూ కుక్కే అన్నాడు. ఇక వాదించకుండా కింద గులాబీ నాలుక ఒకటి అతికించి, 24 కుక్కల్ని పార్టీకి పంపాను.